కొలనోస్కోపీ: ‘నార్మల్’ అన్న మాట విలువను నిర్ణయించేది పరీక్ష నాణ్యతే

జంషెడ్‌పూర్: కర్మాగారం నుంచి వెలువడే ఉక్కును కంటితో చూసి బాగుందని చెప్పడం ఈ నగరంలో చెల్లదు. దాని మందం, బలం, రసాయన మిశ్రమం కొలతకు నిలవాలి. ఆ కొలతలు కాగితంపై నమోదు కావాలి. నగరానికి ప్రాణాధారమైన టాటా స్టీల్ 2008లో డెమింగ్ పురస్కారాన్ని, 2012లో డెమింగ్ గ్రాండ్ ప్రైజ్‌ను అందుకోవడం వెనుక ఉన్నది ఈ క్రమశిక్షణే. అయితే పెద్దపేగు పరీక్ష చేయించుకుని ‘నార్మల్’ అని రాసిన నివేదికతో ఇంటికి వెళ్లే వ్యక్తి, ఆ ఒక్క మాట వెనుక ఏ కొలతలు ఉన్నాయని ప్రశ్నించడం ఇక్కడైనా, మరెక్కడైనా అరుదు.

ఆ ప్రశ్న అడగవలసిందే. రక్తంలో చక్కెర పరీక్షను ఒకే యంత్రంపై ఎవరు చేసినా ఫలితం దాదాపు ఒక్కటే వస్తుంది. కొలనోస్కోపీ అటువంటిది కాదు. పేగు ఎంత శుభ్రంగా ఉంది, గొట్టం ఎంతవరకు వెళ్లింది, వైద్యుడు ఎంతసేపు, ఎంత శ్రద్ధగా చూశాడు అన్న అంశాలను బట్టి ఒకే పేగులో కనిపించే విషయం మారిపోతుంది. ఒకే రోజున ఒకే వ్యక్తికి వెంటవెంటనే రెండుసార్లు కొలనోస్కోపీ చేసిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2019లో ఒక సమీక్ష వెలువడింది. మొదటిసారి చూసినప్పుడు అడినోమాలలో 26 శాతం, అంటే సుమారు నాలుగింట ఒకటి, కంటపడలేదని అది తేల్చింది. వాటిలో ఎక్కువ భాగం చిన్నవే. అయినా రాబోయే క్యాన్సర్‌కు బీజం అటువంటి చిన్న పిలకలోనే ఉండవచ్చు.

పరీక్షే చికిత్స కూడా

పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. కొలనోస్కోప్ అనేది చిటికెన వేలంత మందం గల, ఎటుకావాలంటే అటు వంగే గొట్టం. దాని కొనలో చిన్న కెమెరా, దీపం ఉంటాయి. లోపల సన్నని పరికరాలను పంపేందుకు ఒక మార్గం ఉంటుంది. మలద్వారం గుండా ప్రవేశించి, పెద్దపేగు మొదలయ్యే అంధనాళం వరకు వెళ్లి, అక్కడి నుంచి మెల్లగా వెనక్కి వస్తూ పేగు లోపలి పొరను పరిశీలించడమే ఈ పరీక్ష.

పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు ఒక్కసారిగా పుట్టదు. పేగు లోపలి పొరపై పాలిప్ అనే చిన్న పిలక ముందుగా ఏర్పడుతుంది. అడినోమా జాతికి చెందిన పాలిప్‌లలో కొన్ని, సాధారణంగా పదేళ్లు లేదా అంతకు మించిన కాలంలో, క్యాన్సర్‌గా మారతాయి. ఈ సుదీర్ఘ వ్యవధి వైద్యానికి దొరికిన గొప్ప అవకాశం. 1969లో న్యూయార్క్‌లో విలియం వోల్ఫ్, హిరోమీ షిన్యా అనే శస్త్రవైద్యులు కడుపు కోయకుండానే కొలనోస్కోప్ ద్వారా తీగ ఉచ్చును పంపి పాలిప్‌ను తొలగించడం ఆరంభించారు. నాటి నుంచి ఈ పరీక్ష జబ్బును కనిపెట్టేదిగానే కాక, జబ్బు రాకుండా ఆపేదిగా కూడా మారింది. అయితే తొలగించాలంటే ముందు కనిపించాలి. నాణ్యత గురించిన చర్చ అంతా ఈ చిన్న షరతు చుట్టూనే తిరుగుతుంది.

మొదటి కొలత: పేగు శుభ్రత

పరీక్షలో సగం భాగం ఆస్పత్రిలో కాదు, రోగి ఇంట్లోనే జరుగుతుంది. విరేచన మందు సరిగా పనిచేయకపోతే ఎంతటి నిపుణుడికైనా కనిపించేది మలమే తప్ప పేగు పొర కాదు. శుభ్రతను కొలవడానికి బోస్టన్ స్కేల్ అనే పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. పెద్దపేగును కుడి, మధ్య, ఎడమ అని మూడు భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 9. ప్రతి భాగానికీ కనీసం 2 వస్తేనే శుభ్రత చాలినంత ఉన్నట్టు. మొత్తం 6 వచ్చినా, ఒక భాగానికి 1 మాత్రమే వస్తే ఆ భాగం చూడనట్టే లెక్క. శుభ్రత చాలనప్పుడు ఏడాదిలోగా పరీక్షను మళ్లీ చేయించుకోవాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల సూచన.

మందు మొత్తాన్ని ముందురోజు రాత్రే తాగేయడం పాత పద్ధతి. రాత్రి తాగిన మందు పేగును శుభ్రం చేసినా, తెల్లవారేసరికి చిన్నపేగు నుంచి దిగే స్రావాలు కుడివైపు పేగును మళ్లీ కప్పేస్తాయి. అందుకే సగం ముందురోజు సాయంత్రం, మిగిలిన సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు తాగి, కనీసం రెండు గంటల ముందుగా ముగించే విధానాన్ని నేడు సిఫారసు చేస్తున్నారు. పొద్దున్నే పరీక్ష ఉంటే వేకువన మూడు, నాలుగు గంటలకు లేచి తాగక తప్పదు. కష్టమైనా ఫలితం మీద దీని ప్రభావం చాలా ఎక్కువ.

జంషెడ్‌పూర్ వంటి నగరంలో ఈ సూచనకు ఆచరణలో చిక్కులున్నాయి. 1908లో ఆరంభమైన టాటా మెయిన్ హాస్పిటల్, 1961 నాటి మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల, 1975లో క్యాన్సర్ చికిత్స కోసం ఏర్పడిన మెహర్‌బాయి టాటా స్మారక ఆస్పత్రి కారణంగా కొల్హాన్ ప్రాంతం నలుమూలల నుంచి రోగులు వైద్యం కోసం ఈ నగరానికే వస్తారు. చాయిబాసా నుంచో, ఘాట్‌శిలా నుంచో వేకువన బస్సులోనో రైలులోనో బయలుదేరవలసిన మనిషి రెండో విడత విరేచన మందును ప్రయాణంలో తాగలేడు. అటువంటి వారికి మధ్యాహ్నపు సమయం కేటాయించడం, లేదా ముందురోజే నగరానికి వచ్చి బస చేయమని చెప్పడం వైద్య నాణ్యతలో భాగమే. కర్మాగారంలో నైట్ షిఫ్ట్ ముగించుకుని నేరుగా పరీక్షకు రావాలనుకునే కార్మికుడికి కూడా ఇదే వర్తిస్తుంది. ముందు రాత్రి సెలవు పెట్టుకోవడం తప్పనిసరి.

భాష మరో అంశం. హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో, పంజాబీ, తెలుగు మాట్లాడేవారంతా కలసి నివసించే నగరం ఇది. ఉక్కు కర్మాగారం, దాని అనుబంధ పరిశ్రమల్లో ఉపాధి కోసం తరాల క్రితం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. యువతరానికి హిందీ, ఇంగ్లిష్ కొట్టిన పిండే అయినా, ఈ పరీక్ష అవసరం ఎక్కువగా ఉండేది వృద్ధతరానికి. ఇంగ్లిష్‌లో అచ్చయిన సూచనల కాగితం వారి చేతికిస్తే సరిపోదు. ఎన్ని గంటలకు ఎంత తాగాలి, ఏది తినకూడదు అన్న విషయాలను వారికి తెలిసిన భాషలో, వీలైతే ఫోన్‌లో మరోసారి గుర్తుచేయాలి. ఇలా వివరంగా చెప్పినప్పుడు శుభ్రత మెరుగుపడుతుందని అధ్యయనాలు నిరూపించాయి.

ఆహార నియమాలు కూడా స్థానికంగా అర్థమయ్యేలా ఉండాలి. పరీక్షకు ముందురోజు పీచు తక్కువగా ఉండే తెల్ల అన్నం, ఇడ్లీ వంటివి తినవచ్చని, ఆకుకూరలు, పప్పుధాన్యాలు, గింజలున్న పండ్లు, చిరుధాన్యాలు మానాలని చెబుతారు. జార్ఖండ్‌లో ఇంటింటా వాడే సత్తు పిండి శనగల నుంచి తయారయ్యేది కనుక ఆ రోజు దానికి దూరంగా ఉండాలి. కూరల తాలింపులో ఆవాలు సైతం గొట్టపు మార్గంలో ఇరుక్కుని ఇబ్బంది పెడతాయి. విరేచన మందు మొదలయ్యాక కొబ్బరినీళ్లు, వడగట్టిన నిమ్మరసం వంటి పలుచని ద్రవాలే పుచ్చుకోవాలి. ఎర్రని పానీయాలు రక్తంలా భ్రమ కలిగిస్తాయి కనుక వద్దు. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా, జిగటగా మారుస్తాయి కనుక కొన్ని రోజుల ముందే ఆపవలసి ఉంటుంది. మధుమేహానికి, రక్తం పలచబడటానికి మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో, ఏ విరేచన మందు తమకు తగునో వైద్యుడినే అడిగి తెలుసుకోవాలి. సొంత నిర్ణయం ప్రమాదకరం.

రెండో కొలత: చివరి వరకు చేరుకోవడం

గొట్టాన్ని లోపలికి నెట్టుకుంటూ పోవడమే కొలనోస్కోపీ అనుకోవడం పొరపాటు. పెద్దపేగులో ఎడమవైపు ఉండే సిగ్మాయిడ్ భాగం వదులుగా, వంకరలు తిరిగి ఉంటుంది. అక్కడ బలంగా నెడితే గొట్టం ముందుకు పోకుండా మెలిక పడుతుంది, పేగు సాగుతుంది, రోగికి నొప్పి కలుగుతుంది. నేర్పరి అయిన వైద్యుడు నెట్టడం కంటే వెనక్కి లాగడం మీదే ఎక్కువ ఆధారపడతాడు. కాస్త ముందుకు వెళ్లి, మెలికను తిప్పుతూ వెనక్కి లాగితే పేగు చొక్కా చేయి మడతపడినట్టు గొట్టం మీద ముడుచుకుంటుంది. ఇలా మెలికలు తీసివేస్తే ఒకటిన్నర మీటర్ల పేగు చివరకు చేరడానికి లోపలికి వెళ్లిన గొట్టం పొడవు 70 నుంచి 80 సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది. చివరకు చేరిన తర్వాత లోపలున్న పొడవు అంతకు మించి చాలా ఎక్కువగా ఉంటే మెలిక ఇంకా మిగిలి ఉందని అర్థం.

పేగును విప్పార్చడానికి గాలిని ఎంత తక్కువ వాడితే అంత మేలు. గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్‌ను వాడితే అది శరీరంలోకి త్వరగా ఇంకిపోయి, పరీక్ష తర్వాత కడుపు ఉబ్బరం, నొప్పి తగ్గుతాయి. గాలి లేకుండా నీటిని నింపుతూ, తీస్తూ ముందుకు సాగే పద్ధతిలో నొప్పి తక్కువ. దారి కుదరనప్పుడు రోగిని ఎడమ పక్క నుంచి వెల్లకిలా లేదా కుడి పక్కకు తిప్పడం, సహాయకులు పొట్టపై సరైన చోట చేత్తో ఒత్తిపట్టడం చిన్న పనుల్లా కనిపించినా గొట్టం గమనాన్ని మార్చేస్తాయి. శిక్షణ పొందిన నర్సుల పాత్ర ఇక్కడ వైద్యుడి పాత్రకు తీసిపోదు.

అంధనాళానికి చేరినట్టు రుజువులు రెండు: ఉండుకం తెరుచుకునే రంధ్రం, చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోటి కవాటం. ఈ రెండింటి ఛాయాచిత్రాలు నివేదికలో ఉండాలి. ఒక వైద్యుడు చేసే పరీక్షల్లో కనీసం 95 శాతం అంధనాళం వరకు చేరాలని అమెరికాలోని రెండు జీర్ణకోశ వైద్య సంఘాలు 2024లో సవరించిన ప్రమాణాల్లో పేర్కొన్నాయి. భారతదేశంలో మరొక అడుగు ముందుకు వేయడం తరచూ అవసరమవుతుంది. కవాటం దాటి చిన్నపేగు చివరి భాగాన్ని చూడాలి. పేగు క్షయ ఎక్కువగా సోకేది ఈ సంధిస్థలానికే. క్రోన్స్ జబ్బు కూడా తరచూ ఇక్కడే కనిపిస్తుంది. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి, కానీ చికిత్సలు వేరు. క్షయ ఉన్న మనిషికి పొరపాటున క్రోన్స్ జబ్బు మందులు ఇస్తే రోగనిరోధక శక్తి తగ్గి క్షయ విజృంభించవచ్చు. అందుకే పుండ్లు కనిపించినప్పుడు తగినన్ని ముక్కలు తీసి, సూక్ష్మదర్శిని పరీక్షతో పాటు క్షయ పరీక్షలకూ పంపడం ఇక్కడి నాణ్యతలో ముఖ్యభాగం.

మూడో కొలత: వెనక్కి వచ్చే సమయం

లోపలికి వెళ్లడం ప్రయాణమైతే, వెనక్కి రావడమే అసలైన పరిశీలన. పేగు లోపలి గోడ నున్నని గొట్టంలా ఉండదు. అడ్డంగా మడతలుంటాయి. పాలిప్‌లు ఆ మడతల వెనుక దాగుతాయి. ప్రతి మడతను పక్కకు తప్పించి వెనుక చూడటం, మిగిలిన నీటిని, నురుగును పీల్చివేయడం, పేగును చాలినంత విప్పార్చడం, ఒకే చోటును రెండోసారి చూడటం సమయం పట్టే పనులు.

2006లో అమెరికాలో 12 మంది వైద్యులు చేసిన 7,882 కొలనోస్కోపీలను పరిశీలించిన అధ్యయనం ఈ విషయంలో కనువిప్పు కలిగించింది. వెనక్కి రావడానికి సగటున 6 నిమిషాలు లేదా అంతకు మించి తీసుకున్న వైద్యులు 28.3 శాతం మందిలో క్యాన్సర్‌కు దారితీయగల పిలకలను కనుగొన్నారు. అంతకంటే త్వరగా ముగించిన వారు 11.8 శాతం మందిలోనే కనుగొన్నారు. పాలిప్‌లేవీ తీయని పరీక్షల్లో కనీసం 6 నిమిషాలు అన్న ప్రమాణం అప్పటి నుంచి స్థిరపడింది. 2024 సవరణలో దానిని సగటున 8 నిమిషాలకు పెంచారు. గడియారం చూసుకుని నిమిషాలు గడపడం వల్ల ఫలితం ఉండదు. ఆ నిమిషాల్లో కళ్లు ఏమి వెతికాయన్నదే ప్రధానం.

కుడివైపు పేగు విషయంలో ప్రత్యేక శ్రద్ధ కావాలి. అక్కడ ఏర్పడే కొన్ని రకాల పాలిప్‌లు ఉబ్బెత్తుగా కాక చదునుగా, చుట్టూ ఉన్న పొర రంగులోనే, పైన సన్నని జిగురు పొరతో ఉంటాయి. చూసీ చూడనట్టు దాటిపోవడం చాలా తేలిక. అందుకే కుడి భాగాన్ని రెండుసార్లు చూడటం మంచిదని నిపుణులు సూచిస్తున్నారు.

నాలుగో కొలత: అడినోమాల గుర్తింపు రేటు

మిగిలిన కొలతలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఒక వైద్యుడు చేసిన ప్రతి 100 ముందస్తు పరీక్షల్లో ఎంతమందిలో కనీసం ఒక అడినోమా దొరికిందో చెప్పేదే ఈ రేటు. తక్కువ రేటు గల వైద్యుడి దగ్గర ‘నార్మల్’ అనిపించుకున్నవారిలో కొందరికి, తదుపరి పరీక్ష గడువు రాకముందే క్యాన్సర్ బయటపడే ప్రమాదం ఎక్కువ.

దీనికి బలమైన ఆధారాలున్నాయి. పోలండ్‌లో 186 మంది వైద్యులు 45,026 మందికి చేసిన పరీక్షలపై 2010లో వెలువడిన అధ్యయనంలో, ఈ రేటు 20 శాతం కంటే తక్కువగా ఉన్న వైద్యుల వద్ద పరీక్ష చేయించుకున్నవారికి ఇటువంటి మధ్యంతర క్యాన్సర్ ముప్పు పది రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. 2014లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన మరో అధ్యయనం 136 మంది వైద్యులు చేసిన 3,14,872 పరీక్షలను పరిశీలించింది. ఆ వైద్యుల్లో అత్యల్ప రేటు 7.4 శాతం, అత్యధికం 52.5 శాతం. రేటు ఒక్క శాతం పెరిగినప్పుడల్లా మధ్యంతర క్యాన్సర్ ముప్పు 3 శాతం చొప్పున తగ్గింది. ఈ నైపుణ్యం పుట్టుకతో వచ్చేది కాదని పోలండ్ పరిశోధకులు 2017లో చూపారు. తమ రేటును తెలుసుకుని మెరుగుపరచుకున్న వైద్యుల రోగుల్లో క్యాన్సర్ ముప్పు కూడా తగ్గింది.

45 ఏళ్లు దాటినవారికి చేసే ముందస్తు పరీక్షల్లో ఈ రేటు కనీసం 35 శాతం ఉండాలని 2024 అమెరికా ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ అంకెను యథాతథంగా జంషెడ్‌పూర్‌కో, విశాఖపట్నానికో తెచ్చి అతికించడం సరికాదు. భారతీయుల్లో పెద్దపేగు క్యాన్సర్ రేటు పాశ్చాత్య దేశాల కంటే బాగా తక్కువ. పైగా ఇక్కడ కొలనోస్కోపీ చేసేది ప్రధానంగా లక్షణాలున్న రోగులకే. కాబట్టి ఒక కేంద్రం తనను తాను అమెరికాతో పోల్చుకోవడం కంటే, ఒకే రకం రోగులను చూసే తన వైద్యులను ఒకరితో ఒకరిని, ఈ ఏడాదిని గత ఏడాదితో పోల్చుకోవడం ప్రయోజనకరం. అందుకు ముందుగా లెక్క రాయాలి.

కృత్రిమ మేధ సాయం, దాని హద్దు

తెరపై పాలిప్ కనిపించగానే దాని చుట్టూ గడి గీసి హెచ్చరించే కృత్రిమ మేధ వ్యవస్థలు వచ్చాయి. వీటి సాయంతో అడినోమాల గుర్తింపు పెరుగుతుందని పలు పరిశోధనలు తేల్చాయి. అయితే కెమెరా ముందుకు రాని చోటును యంత్రం చూడలేదు. మడత వెనక్కి వెళ్లవలసింది వైద్యుడి చేయే. మరొక హెచ్చరిక కూడా ఉంది. పోలండ్‌లోని నాలుగు కేంద్రాల్లో జరిగి 2025లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కృత్రిమ మేధకు అలవాటుపడిన తర్వాత అది లేకుండా చేసిన పరీక్షల్లో వైద్యుల గుర్తింపు రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయింది. యంత్రం కన్ను తోడైతే మేలే, మనిషి కన్ను సోమరి కాకూడదు.

తెలుగు నేలపై ఈ రంగంలో నైపుణ్యానికి కొదవలేదు. విశాఖపట్నంలో జన్మించి, హైదరాబాద్‌లో ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ఎండోస్కోపీ వైద్యానికి అంతర్జాతీయ గుర్తింపు తెచ్చారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ లభించింది. అయితే సాధారణ కొలనోస్కోపీ కోసం ప్రతి రోగీ మహానగరానికి ప్రయాణం కట్టవలసిన అవసరం లేదు. పై నాలుగు కొలతలూ ఖరీదైన యంత్రాల కంటే అలవాటు మీద, శ్రద్ధ మీద, నమోదు మీద ఆధారపడినవి. అవి జిల్లా కేంద్రంలోనూ సాధ్యమే.

తొలగింపు, ప్రమాదాలు

కనుగొన్న పాలిప్‌ను పూర్తిగా తీయడం కూడా నాణ్యతలో భాగమే. 10 మిల్లీమీటర్ల లోపు వాటిని విద్యుత్తు వాడకుండా సన్నని తీగ ఉచ్చుతో, చుట్టూ కొద్దిగా ఆరోగ్యకరమైన పొరతో సహా కత్తిరించే పద్ధతికి నేడు ప్రాధాన్యం. వేడి తగలదు కనుక ఆలస్యంగా రక్తస్రావమయ్యే ప్రమాదం తక్కువ. కొంత మిగిల్చి తీసిన పాలిప్ మళ్లీ పెరుగుతుంది.

కొలనోస్కోపీకి ప్రమాదాలు లేకపోలేదు. పేగుకు రంధ్రం పడటం అన్నింటికంటే తీవ్రమైనది. ముందస్తు పరీక్షల్లో ఇది 1,000కి ఒకటి కంటే తక్కువగా ఉండాలన్నది ప్రమాణం. పాలిప్ తీసిన చోట కొన్ని రోజుల తర్వాత కూడా రక్తస్రావం కావచ్చు. పరీక్ష తర్వాత తగ్గని కడుపునొప్పి, జ్వరం, ఎక్కువ రక్తం పోవడం ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మత్తు ఇచ్చిన రోజున వాహనం నడపరాదు. తోడుగా ఒకరు రావాలి.

ఎవరికి అవసరం?

ప్రపంచవ్యాప్తంగా 2022లో సుమారు 19 లక్షల మందికి పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ కొత్తగా సోకినట్టు, సుమారు 9 లక్షల మంది మరణించినట్టు అంతర్జాతీయ అంచనా. భారతదేశంలో ఆ ఏడాది కొత్త రోగుల సంఖ్య దాదాపు 70 వేలు. అమెరికాలో 45 ఏళ్ల నుంచే అందరికీ ముందస్తు పరీక్షలు సిఫారసు చేస్తారు. భారత ప్రభుత్వం దేశవ్యాప్తంగా చేపట్టిన క్యాన్సర్ ముందస్తు పరీక్షలు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఉద్దేశించినవి. పెద్దపేగు వాటిలో లేదు.

అందరినీ పరీక్షకు పిలవడం వల్ల కలిగే మేలుపై కూడా చర్చ సాగుతోంది. పోలండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో జరిగి 2022లో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశోధనలో, కొలనోస్కోపీకి ఆహ్వానం అందుకున్నవారిలో పదేళ్ల క్యాన్సర్ ముప్పు 18 శాతం తగ్గింది. మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. ఆహ్వానితుల్లో పరీక్ష చేయించుకున్నది 42 శాతం మందే కావడం ఇందుకు ఒక కారణం.

కాబట్టి మన దేశంలో తక్షణం దృష్టి పెట్టవలసింది లక్షణాలున్నవారిపై. మలంలో రక్తం పడితే మొలలని తమంతట తామే తేల్చుకుని నెలల తరబడి నాటుమందులతో గడిపేయడం సర్వసాధారణం. మొలలు ఉన్న మనిషికి క్యాన్సర్ రాకూడదన్న నియమం లేదు. మలంలో రక్తం, మలవిసర్జన అలవాటులో వారాల తరబడి నిలిచిన మార్పు, కారణం తెలియని బరువు తగ్గుదల, పురుషుల్లో లేదా ముట్లుడిగిన స్త్రీలలో ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే వైద్యుడిని సంప్రదించాలి. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే 40 ఏళ్లకు, లేదా వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందుగా, ఏది ముందైతే అప్పుడు పరీక్ష మొదలుపెట్టాలన్నది సూచన.

నివేదికలో చూడవలసినవి

పరీక్ష ముగిశాక చేతికొచ్చే నివేదికలో ఈ అంశాలు ఉన్నాయో లేదో రోగి, లేదా వెంట వచ్చినవారు పరిశీలించుకోవచ్చు.

• పేగు శుభ్రతకు ఎన్ని మార్కులు వచ్చాయి? ప్రతి భాగానికీ విడిగా నమోదైందా?
• గొట్టం అంధనాళం వరకు వెళ్లిందా? దాని ఛాయాచిత్రం ఉందా? చిన్నపేగు చివరి భాగాన్ని చూశారా?
• వెనక్కి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది?
• పాలిప్ ఉంటే దాని పరిమాణం, స్థానం, తీసిన పద్ధతి రాశారా? పూర్తిగా తీశారా? ముక్క పరీక్ష ఫలితం ఎప్పుడు వస్తుంది?
• మళ్లీ ఎప్పుడు రావాలి?

చివరి ప్రశ్నకు జవాబు మిగిలిన వాటన్నింటిపైనా ఆధారపడి ఉంటుంది. పేగు శుభ్రంగా ఉండి, చివరి వరకు చూసి, ఏమీ దొరకకపోతే సాధారణ ముప్పు ఉన్నవారికి పదేళ్ల వరకు మళ్లీ అవసరం లేదని మార్గదర్శకాలు చెబుతాయి. ఒకటి రెండు చిన్న అడినోమాలు తీసి ఉంటే ఏడు నుంచి పదేళ్లు, 10 మిల్లీమీటర్లు లేదా అంతకు మించినది తీసి ఉంటే మూడేళ్లు. పదేళ్ల నిశ్చింత అన్న హామీ చెల్లుబాటు కావాలంటే, ఆ రోజు పరీక్ష హామీకి తగినట్టుగా జరిగి ఉండాలి. శుభ్రత చాలని పేగులో, సగం దారిలో ఆగిన గొట్టంతో, మూడు నిమిషాల్లో ముగిసిన పరీక్షకు ఆ పదేళ్ల హామీ వర్తించదు. అటువంటప్పుడు ‘నార్మల్’ అన్న మాటకు ‘చూసినంతలో ఏమీ కనిపించలేదు’ అన్నంతవరకే అర్థం. ఎంత చూశారో ఆ నివేదికే చెప్పాలి. చెప్పకపోతే అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది.